బంకుకు నీడ, చార్జర్‌కు ఎండ

మే నెల మిట్టమధ్యాహ్నం. హైదరాబాద్ నుంచి విజయవాడకు దాదాపు 270 కిలోమీటర్ల దారి. నడుమ సూర్యాపేట చుట్టుపక్కల ఆగే కార్లకు లెక్క ఉండదు. టీ తాగేవాళ్ళు, భోంచేసేవాళ్ళు, పిల్లల్ని కాసేపు దింపేవాళ్ళు అందరూ అక్కడే. పెట్రోలు కారు బంకులోకి వెళ్తుంది. బంకుకు ఎత్తయిన కప్పు, కింద చల్లటి నీడ. ఐదు నిమిషాల్లో ట్యాంకు నిండుతుంది, కారు కదులుతుంది. విద్యుత్ కారు మాత్రం చాలా చోట్ల ఆవరణలో ఓ మూలకు పోవాలి. అక్కడ ఒక చార్జర్, పక్కన తెల్లగీతలు గీసిన చోటు, పైన ఆకాశం. ఆ కారు అక్కడ ముప్పావు గంట, ఒక్కోసారి గంటకు పైగా నిలబడాలి.

ఐదు నిమిషాలు ఆగే కారుకు నీడ, గంటసేపు ఆగే కారుకు ఎండ. ఈ తలకిందుల ఏర్పాటును ఎవరూ కావాలని చేసి ఉండరు. కానీ ‘ఈవీలో ఏసీ సరిగా రాదు’, ‘ఏసీ వేస్తే చార్జింగ్ నిలవదు’ అన్న మాటలు ఎక్కడ పుడుతున్నాయో వెతుక్కుంటూ పోతే చాలాసార్లు తేలేది ఇక్కడే. పెట్రోలు కారులోని ఏసీకన్నా విద్యుత్ కారులోని ఏసీ అనేక విధాల మెరుగైనది. దాన్ని నిప్పుల్లో నిలబెట్టి, ఆ తర్వాత చల్లదనం చాలడం లేదంటున్నాం.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. వేసవి మధ్యాహ్నం, మబ్బు లేని ఆకాశం నుంచి చదరపు మీటరు చోటు మీద పడే ఎండ బలం దాదాపు వెయ్యి వాట్లు. ఇంట్లో లెక్కన చెప్పుకుంటే, మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న ప్రతి చోటా ఒక ఇస్త్రీపెట్టెను వేడెక్కించి వదిలేసినట్టు. కారు పైకప్పు, బానెట్, ముందు అద్దం, వెనక అద్దం కలిపితే అలాంటి పెట్టెలు ఎన్ని అవుతాయో ఎవరికి వారే లెక్కేసుకోవచ్చు. అద్దంలోంచి లోపలికి దూరిన ఎండ డాష్‌బోర్డును, సీట్లను కాలుస్తుంది. అవి తిరిగి విడిచే వేడికి మాత్రం అద్దం దాటే దారి దొరకదు.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, టెంపే పట్టణంలో అక్కడి విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని కొలిచి 2018లో ప్రచురించారు. బాగా ఎండగా ఉన్న రోజుల్లో గంటసేపు ఎండలో నిలిపిన కార్లలో లోపలి గాలి సగటున 47 డిగ్రీలకు, స్టీరింగ్ 53కు, డాష్‌బోర్డు 69కి చేరాయి. నీడలో నిలిపిన కార్లలో గాలి 38 దగ్గర, డాష్‌బోర్డు 48 దగ్గర ఆగాయి. టెంపే ఎండ ఎలా ఉంటుందో రామగుండం వాళ్ళకూ రెంటచింతల వాళ్ళకూ ఎవరూ వివరించనక్కర్లేదు. ఒక్క నీడ డాష్‌బోర్డు మీద తెచ్చిన తేడా 21 డిగ్రీలు. ఎండలో నిలిపిన కారులో ఆ 21 డిగ్రీలనూ దించాల్సింది ఏసీయే, ఆ కష్టానికి కరెంటు పోయాల్సింది బ్యాటరీయే.

కారు ఏసీ చరిత్రలో ఒక ముచ్చట ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1939లో అమెరికాలో ప్యాకార్డ్ సంస్థ ఫ్యాక్టరీలోనే ఏసీ బిగించిన కారును తెచ్చింది. ఆ ఏసీ కంప్రెసర్‌ను ఇంజను బెల్టుతో తిప్పేది. ఏసీ ఆపాలంటే కారు ఆపి, ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, ఆ బెల్టును చేత్తో తీసేయాలి. ఆ తర్వాత స్విచ్చులు వచ్చాయి, క్లచ్చులు వచ్చాయి, థర్మోస్టాట్లు వచ్చాయి. బెల్టు మాత్రం పోలేదు. ఇవాళ్టికీ మామూలు పెట్రోలు కారులో ఏసీ బలం ఇంజను తిరిగే వేగాన్ని బట్టే ఉంటుంది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గరో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో మధ్యాహ్నం రెండు గంటలకు ఆగిన కారులో గాలి క్రమంగా వెచ్చబడటం అందరికీ అనుభవమే. చల్లదనం ఎక్కువ కావాల్సింది ఆగినప్పుడే. ఇంజను నెమ్మదించేదీ అప్పుడే.

2003లో వచ్చిన రెండో తరం టొయోటా ప్రియస్ ఆ బెల్టును తెంచింది. కంప్రెసర్‌కు సొంత మోటారు పెట్టి, బ్యాటరీ కరెంటుతో తిప్పింది. నేటి ఈవీల్లో ఉన్నది ఆ పద్ధతే. చక్రాలు తిరిగినా తిరగకపోయినా కంప్రెసర్ తనకు కావలసిన వేగంతో తాను తిరుగుతుంది. ముందున్న బానెట్ కింద మండే ఇంజను ఉండదు కాబట్టి కాళ్ళ దగ్గరికి వచ్చే సెగా తగ్గుతుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న గంటలో ఏ కారులో కూర్చోవడం మేలని అడిగితే, ఈవీలో అని తడుముకోకుండా చెప్పవచ్చు.

మరి రేంజ్, అంటే ఒక్క చార్జింగ్‌తో కారు పోగల దూరం, మాటేమిటి? భయం అక్కడే ఉంది. ఆ భయంతోనే కొందరు కొత్త ఈవీ కొని, వడగాడ్పుల్లో కిటికీలు దించుకుని, చెమటలు కక్కుకుంటూ నడుపుతున్నారు. లెక్క చూద్దాం. కారు లోపల ఒకసారి చల్లబడ్డాక మామూలు సైజు కారులో ఏసీ గంటకు ఒక యూనిట్ నుంచి యూనిటున్నర దాకా తాగుతుంది. ఊళ్ళో కిలోమీటరు నడవడానికి కారుకు అటూ ఇటుగా 0.12 యూనిట్ పడుతుంది. అంటే గంటసేపు ఏసీ వాడితే పోయేది పది, పన్నెండు కిలోమీటర్లు. 2020లో వచ్చిన మొదటి టాటా నెక్సాన్ ఈవీ బ్యాటరీ 30.2 యూనిట్లది. ఆ కరెంటుతో, కారు కదలకుండా నిలబడితే, ఇరవై గంటలు ఏసీ నడుస్తుంది.

శాతాల్లో చెప్పేసరికే జనం బెదిరిపోతున్నారు. నగరంలో గంటకు ఇరవై కిలోమీటర్లు పాకే కారుకు నడవడానికి రెండున్నర యూనిట్లు సరిపోతాయి. దానికి ఏసీ యూనిటున్నర కలిస్తే, వాడిన కరెంటులో మూడోవంతుకు పైగా ఏసీదే అని తెర మీద కనిపిస్తుంది. అదే కారు హైవే మీద గంటకు 80 కిలోమీటర్లు పోతే నడకకే పన్నెండు యూనిట్లు ఖర్చు, ఏసీ వాటా తొమ్మిదో వంతు. ఏసీ వాడుకున్నది రెండు చోట్లా అంతే. నగరంలో రోజుకు నలభై, యాభై కిలోమీటర్లు తిరిగే మనిషికి ఆ మూడోవంతు వల్ల ఆగిపోయే పని ఏదీ లేదు. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో ఐదు రకాల విద్యుత్ కార్లను 35 డిగ్రీల వేడిలో ఏసీ వేసి పరీక్షిస్తే రేంజ్ సగటున 17 శాతం తగ్గింది. మన 43, 44 డిగ్రీల్లో అంతకన్నా కొంత ఎక్కువే తగ్గుతుందనుకోవాలి. అది తెలిసి ప్రయాణం వేసుకుంటే ఇబ్బంది లేదు.

ఎండ నుంచి కాపాడుకోవడాన్ని సోకుగా చూసే రోజులు పోయాయి. 2015 మే నెలలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ క్యాబ్ డ్రైవర్లు ‘నో ఏసీ’ అని బోర్డులు పెట్టుకోవాల్సి వచ్చింది. తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్ ఆ ప్రచారం నడిపింది. యాప్ కంపెనీల నుంచి కిలోమీటరుకు చేతికందే డబ్బుతో ఏసీ వేసి నడపడం గిట్టుబాటు కాదన్నది వాళ్ళ బాధ. ఎక్కిన మనిషితో వాదన, దిగేటప్పుడు తక్కువ రేటింగ్, రోజంతా సెగలో కూర్చుని డ్రైవింగ్. ఆగి ఉన్న పెట్రోలు కారులో గంటసేపు ఏసీ నడిస్తే ఇంచుమించు లీటరు పెట్రోలు కాలుతుంది, అంటే వంద రూపాయల మాట. అదే ఈవీలో ఇంటి కరెంటు లెక్కన పదిహేను రూపాయలకు అటూ ఇటూ, బయటి ఫాస్ట్ చార్జర్ దగ్గర దానికి రెట్టింపు. క్యాబ్ డ్రైవర్ ఒంటికి చల్లదనం దక్కడానికి ఇంతకన్నా చవకైన దారి లేదు. ఆయనకు నష్టం వచ్చేది చార్జింగ్ కోసం ఎండలో కాచుకుని కూర్చునే గంటలోనే.

అసలు కరెంటు హరించేది మొదటి పది నిమిషాలు. కొలిమిలా ఉన్న కారులో కూర్చుని స్విచ్చు నొక్కగానే కంప్రెసర్ పూర్తి బలంతో లేస్తుంది. ఆ కాసేపూ మూడు, నాలుగు కిలోవాట్ల దాకా లాగుతుంది. ఆ పది నిమిషాలను తెలివిగా దాటితే మిగతా ప్రయాణం సుఖం.

దానికి ముందుగా చేయాల్సింది వేడిగాలిని బయటికి తోలడం. జపాన్ ఆటోమొబైల్ ఫెడరేషన్ 55 డిగ్రీలకు వేడెక్కిన కారును రకరకాలుగా చల్లబరిచి చూసింది. అన్ని కిటికీలూ దించి, ఏసీని బయటి గాలి మీద పెట్టి రెండు నిమిషాలు నడిపి, ఆ తర్వాత కిటికీలు ఎత్తి లోపలి గాలి మీదికి మార్చితే ఐదు నిమిషాల్లో 28 డిగ్రీలకు దిగింది. అన్నీ మూసుకుని, నిలబెట్టిన కారులో ఏసీ వేస్తే అంతే చల్లదనానికి పది నిమిషాలు పట్టింది. మనవాళ్ళు చాలామంది చేసేది ఈ రెండోదే. కారెక్కగానే అద్దాలు బిగించి, నంబరు 18కి దించి, ఫ్యాను చివరి మెట్టుకు పెడతారు. 18 అని పెట్టినంత మాత్రాన గాలి మరింత త్వరగా చల్లబడదు. ఎక్కడ ఆగాలో మాత్రమే ఆ అంకె చెబుతుంది, ఆగకుండా కంప్రెసర్ కరెంటు తాగుతూ పోతుంది. 24 దగ్గర ఆటోలో పెట్టి వదిలేయడం మేలు. ఇంట్లో వాడే ఏసీలకు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2020 జనవరి నుంచి 24 డిగ్రీలనే మొదటి అంకెగా పెట్టించింది. ఎకో మోడ్ విషయంలో మాత్రం జాగ్రత్త. కొన్ని కార్లలో ఆ మోడ్ మోటారుతోపాటు ఏసీనీ బిగపడుతుంది. కూలింగ్ రావట్లేదని షెడ్డుకు పరుగెత్తే ముందు ఆ బటన్ ఎక్కడుందో చూసుకోవాలి.

ఈవీకి ఉన్న గొప్ప వరం ఇంకొకటుంది. చార్జింగ్ తీగ ఊడదీయకముందే కారును చల్లబరచుకోవచ్చు. బయల్దేరడానికి పదిహేను నిమిషాల ముందు ఫోన్ యాప్‌లోనో, కారులోని టైమర్‌లోనో ఏసీ పెడితే, ఆ పెద్ద ఖర్చు గోడ ప్లగ్గు మీద పడుతుంది. మామూలు 15 యాంపియర్ల ప్లగ్గు మూడు కిలోవాట్ల దాకా ఇస్తుంది, ఏసీ పనికి అది చాలు. సీట్లూ డాష్‌బోర్డూ చల్లబడి, బ్యాటరీ నిండుగా ఉండి కారు గేటు దాటుతుంది. పెట్రోలు కారుతో మూసిన సెల్లార్‌లో ఇలా చేయడం ప్రాణాపాయం, ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మనిషిని నిద్రలోనే చంపేస్తుంది. ఈవీలో ఆ భయం లేదు. హైదరాబాద్‌లో చాలా అపార్టుమెంట్లలో కింది అంతస్తు అంతా స్టిల్టు పార్కింగే కనుక నీడకూ కొదవ లేదు. చిక్కల్లా రెండు. సెల్లార్‌లో కారు సిమ్‌కు సిగ్నల్ అందక యాప్ పనిచేయకపోవచ్చు, అప్పుడు టైమరే దిక్కు. రెండోది, చాలా అపార్టుమెంట్ల సంఘాలు ఇంకా పార్కింగ్ చోట ప్లగ్గు పెట్టుకోనివ్వడం లేదు. ఆ ప్లగ్గు లేకపోతే ఈ వరం చేతికి అందదు.

తెలంగాణ ఎండ వేరు, కోస్తా ఉక్కపోత వేరు. ఆదిలాబాద్‌లో 43 డిగ్రీల పొడి గాలిని చల్లబరచడం ఒక పని. కాకినాడలోనో, విశాఖలోనో 36 డిగ్రీల తేమ గాలిని చల్లబరచడం మరో పని. అక్కడ ఏసీ ముందు గాలిలోని ఆవిరిని నీరుగా దించాలి. లీటరు నీటిని అలా దించడానికి దాదాపు 0.7 యూనిట్ల వేడిని లాగేయాలి. కారు కింద బొట్లు బొట్లుగా కారే నీరు ఆ చాకిరీ తాలూకు చెమట. అందుకే కోస్తాలో కిటికీలు బిగించి, లోపలి గాలినే తిప్పుకోవడం చాలా లాభం. లేదంటే బయటి తేమను లోపలికి తెచ్చుకుంటూ, దాన్ని పిండుకుంటూ ఉండటమే అవుతుంది. కాకపోతే నలుగురున్న కారులో గంటల తరబడి అదే గాలి తిరిగితే బొగ్గుపులుసు వాయువు పెరిగి డ్రైవరుకు మత్తు కమ్ముతుంది. అరగంటకోసారి కాసేపు బయటి గాలి తెరవాలి. రాత్రి ప్రయాణాల్లో అయితే ఇది మరీ ముఖ్యం.

ఇప్పుడు మళ్ళీ సూర్యాపేటకు వద్దాం. ఎండలో చార్జింగ్ పెట్టిన కారులో కూర్చున్నవాళ్ళు తరచూ చెప్పే మాట: ‘ఏసీ వేసినా గాలి చల్లగా రావట్లేదు.’ దానికి కారణం ఉంది. నేడు వస్తున్న చాలా ఈవీల్లో బ్యాటరీని చల్లబరిచేదీ ఆ కంప్రెసరే. ఫాస్ట్ చార్జింగ్ జరిగేటప్పుడు బ్యాటరీ లోపలి నుంచి వేడెక్కుతుంది. పైన ఎండ, కింద తారు సెగ, లోపల కరెంటు వేడి. కారు కంప్యూటర్‌కు బ్యాటరీ క్షేమమే ముందు. చల్లదనంలో పెద్ద వాటా దానికిచ్చి, మిగిలింది మనుషులకు పంచుతుంది. అప్పటికీ వేడి తగ్గకపోతే చార్జింగ్ వేగాన్ని కోసేస్తుంది. నలభై నిమిషాల్లో అయ్యేది గంట దాటుతుంది. అంటే ఎండ మనిషినీ కాలుస్తుంది, టైమునూ తింటుంది.

బ్యాటరీకి ఈ చల్లదనం ఎంత అవసరమో ప్రపంచానికి నేర్పింది ఫీనిక్స్ నగరం. అరిజోనా ఎడారి అంచున ఉన్న ఆ ఊళ్ళో నిస్సాన్ లీఫ్ తొలి కార్లు కొన్నవాళ్ళు 2012 వేసవికల్లా బ్యాటరీ సామర్థ్యం పడిపోతోందని గగ్గోలు పెట్టారు. ఆ కారు బ్యాటరీకి విడిగా చల్లబరిచే ఏర్పాటు లేదు. చివరికి సంస్థ వేడిని మరింత తట్టుకునే కొత్త బ్యాటరీని 2015 మోడల్‌తో తెచ్చింది. అమెరికాలో దానికి ‘లిజర్డ్ బ్యాటరీ’ అని ముద్దుపేరు పడింది, ఎండకు వెరవని తొండ లాంటిదని. మన దగ్గర ఈవీ కొనేవాళ్ళు బ్యాటరీని ద్రవంతో చల్లబరుస్తారా, ఒట్టి గాలికి వదిలేస్తారా అని తప్పక అడగాలి. ద్రవంతో చల్లబరిచే కారే మన వేసవికి తగినది.

అద్దాల సంగతి కూడా ఇందులో భాగమే. పైకప్పు నిండా అద్దం ఉన్న కారు షోరూంలో ముచ్చటేస్తుంది. ఆ అద్దానికి వేడిని ఆపే పూత గానీ, లోపల తెర గానీ లేకపోతే కర్నూలు మధ్యాహ్నంలో నెత్తి మీద కుంపటే. సూర్యుడి శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే. కాబట్టి అద్దం నల్లగా ఉంటేనే వేడి ఆగుతుందన్న నమ్మకం సరికాదు. పరారుణాన్ని ఆపే తేటైన అద్దాలు ఉన్నాయి. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధన. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములను ఆపించింది. తర్వాత నిబంధనలు మారాయి. ఆ 70, 50 శాతాల హద్దులో ఉండే, ప్రమాణాలకు తగిన ఫిల్ము వేసుకోవచ్చని 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు చెప్పింది. ఫిల్ము జోలికి పోకపోయినా, ముందు అద్దానికి లోపల అడ్డుపెట్టే వెండిరంగు మడతతెర ఉంది. జపాన్ ఆటోమొబైల్ ఫెడరేషన్ చేసిన మరో పరీక్షలో ఆ తెర డాష్‌బోర్డు వేడిని 74 నుంచి 52 డిగ్రీలకు దించింది. లోపలి గాలి మాత్రం రెండు డిగ్రీలే తగ్గింది, 52 నుంచి 50కి. స్టీరింగ్ చేత్తో పట్టుకోగలిగేలా చేస్తుంది గానీ, చెట్టు నీడకు సాటి రాదు.

చెప్పి తీరాల్సిన మాట ఇంకొకటి. కూలింగ్ తగ్గిందనగానే వీధి చివరి షెడ్డులో గ్యాస్ కొట్టించడం మనకు అలవాటు. ఈవీకి ఆ అలవాటు పనికిరాదు. దాని కంప్రెసర్ లోపలే హై వోల్టేజి మోటారు ఉంటుంది, గ్యాస్‌తోపాటు తిరిగే ఆయిల్ ఆ మోటారు తీగలను తడుపుతూ ఉంటుంది. కాబట్టి కరెంటును పారనివ్వని ప్రత్యేకమైన ఆయిల్, సాధారణంగా పీఓఈ రకం, వాడాలి. పెట్రోలు కార్లకు పోసే పీఏజీ ఆయిల్ కొద్దిగా కలిసినా ఇన్సులేషన్ దెబ్బతిని, కారు భద్రతా వ్యవస్థ మొత్తం బండినే ఆపేయవచ్చు. గ్యాస్ పట్టే మిషన్ గొట్టాల్లో మిగిలిన పాత ఆయిల్ కూడా అందుకు చాలు. హై వోల్టేజి కరెంటు పారే నారింజ రంగు తీగల జోలికి శిక్షణ లేనివాళ్ళు పోకూడదు. మన ఊళ్ళ మెకానిక్‌లు చేయి తిరిగినవాళ్ళు. ఐటీఐల్లో ఈ పనికి చిన్న కోర్సు పెట్టి నేర్పితే ఏడాదిలో వాళ్ళే దీటుగా చేస్తారు. అంతవరకు కారు యజమాని స్వయంగా చూసుకోదగ్గవి ఉన్నాయి. క్యాబిన్ ఫిల్టర్ మన దుమ్ముకు త్వరగా మూసుకుపోతుంది, వేసవికి ముందు మార్చాలి. ముందు జాలీ వెనకున్న కండెన్సర్‌లో పురుగులు, మట్టి, పత్తి నూగు పట్టి ఉంటే మెత్తటి నీటిధారతో కడిగించాలి.

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించింది, 2026 డిసెంబరు 31 దాకా. షోరూంలకు జనం వెళ్తున్నారు. వెళ్ళేవాళ్ళు టెస్ట్ డ్రైవ్‌కు సాయంత్రం చల్లపూట కాక, మధ్యాహ్నం రెండు గంటలకు అడగాలి. కారును గంటసేపు ఎండలో నిలిపించి, ఆ తర్వాత ఎక్కాలి. వెనక సీట్లో ఇంటి పెద్దవాళ్ళను కూర్చోబెట్టాలి, అక్కడికి గాలి వచ్చే గొట్టాలు ఉన్నాయో లేదో వాళ్ళే చెబుతారు. మన దేశంలో కంపెనీలు ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చిన రేంజ్ ఏసీ ఆపి పరీక్షించినది. నెక్సాన్ ఈవీ తొలి కారుకు చెప్పిన 312 కిలోమీటర్లు కూడా అలాంటి అంకే. 40 డిగ్రీల ఎండలో, ఏసీ వేసి, నలుగురితో ఎంత దూరం పోతుందో రాసి షోరూం గోడకు అంటించాలి. అది కొనేవాడి హక్కు.

ఒక హెచ్చరిక. 2025 ఏప్రిల్‌లో చేవెళ్ళ మండలంలో ఇద్దరు చిన్నారులు, మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఆగి ఉన్న కార్లలో చిక్కుకుని చనిపోయారు. ఆడుకుంటూ ఎక్కిన పిల్లలు. ఈవీలో ఏసీ నడుస్తూనే ఉంటుంది కదా, యాప్‌లో కనబడుతోంది కదా అని ఏ పిల్లవాణ్ణీ రెండు నిమిషాలకైనా ఒంటరిగా వదలకూడదు. ఏసీ ఏ క్షణమైనా ఆగవచ్చు. ఇంటి ముందు నిలిపిన కారుకు తాళం వేసి, తాళంచెవి పిల్లలకు అందని చోట పెట్టాలి.

ఇక కప్పు సంగతి. హైవేల మీద ప్రతి 25 కిలోమీటర్లకు ఒక చార్జింగ్ స్టేషన్ ఉండాలని కేంద్ర విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాలు చెప్పాయి. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకం మొత్తం రూ. 10,900 కోట్లలో రూ. 2,000 కోట్లు చార్జింగ్ స్టేషన్లకే కేటాయించారు. ప్రజల డబ్బు ఇచ్చే ప్రతి స్టేషన్‌కూ కప్పు ఉండాలన్న ఒక్క షరతు పెడితే చాలు. ఫ్రాన్స్ 2023 మార్చిలో చట్టం చేసింది, 1,500 చదరపు మీటర్లు దాటిన బహిరంగ పార్కింగ్ స్థలాల్లో కనీసం సగభాగం మీద సోలార్ కప్పు వేయాలని. వాళ్ళ ఎండకన్నా మన ఎండ గట్టిది. ఒక కారు నిలిచే పన్నెండు చదరపు మీటర్ల చోటు మీద రెండు కిలోవాట్లకు పైగా పలకలు పడతాయి. మంచి ఎండ ఉన్న రోజున అవి ఇంచుమించు పది యూనిట్లు ఇస్తాయి. అంటే కారుకు నీడతోపాటు డెబ్బై, ఎనభై కిలోమీటర్ల ప్రయాణానికి సరిపడా కరెంటు.

కప్పు కట్టేదాకా చేయదగ్గ చిన్న పనులూ ఉన్నాయి. దాబాల వాళ్ళు చార్జర్‌ను ఆవరణలో చెట్టు కింద పెట్టించవచ్చు. చెట్టు లేకపోతే రేకుల షెడ్డు వేయవచ్చు, నాలుగు గొట్టాలకు పచ్చ షేడ్‌నెట్ కట్టినా చాలావరకు ఎండ ఆగుతుంది. పెళ్ళిపందిరి ఒక్క పూటలో వేసే చేతులు మనవి.

చార్జర్ల కంపెనీలకు, ఆయిల్ సంస్థలకు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలకు విన్నపం ఒక్కటే. వచ్చే రోహిణి కార్తెకు ముందే హైదరాబాద్–విజయవాడ దారిలోని ప్రతి చార్జర్ మీదా కప్పు వేయించండి. బంకు మీద కప్పు వేసిన చేత్తోనే, పక్కనున్న చార్జర్ మీదికి దాన్ని మరో ఇరవై అడుగులు పొడిగించండి.